ఆగి ఉన్న కారు ఎందుకు వణుకుతుంది?

ఎర్రదీపం దగ్గర కారు ఆపారు. గేరు న్యూట్రల్‌లో ఉంది. కాలు యాక్సిలరేటర్ మీద లేదు. ఇంజన్‌కి ఇప్పుడు పనేమీ లేదు, ఆగిపోకుండా తిరుగుతూ ఉంటే చాలు. కానీ సరిగ్గా ఇప్పుడే స్టీరింగ్ చేతిలో వణుకుతుంది, అద్దాలు గలగలమంటాయి, ఇంజన్ రెండు దెబ్బలు కొట్టి మూడో దెబ్బ మింగేస్తున్నట్టు వినిపిస్తుంది. పచ్చదీపం పడి కాలు నొక్కగానే రోగం మాయం. ఆ తర్వాత మళ్లీ ఎర్రదీపం వచ్చేదాకా కారు బంగారంలా పోతుంది.

పని లేనప్పుడు మొరాయించి, పని చెప్పగానే బుద్ధిగా నడిచే యంత్రాన్ని చూస్తే వింతగానే ఉంటుంది. నిజానికి ఇందులో వింతేమీ లేదు. పెట్రోలు ఇంజన్‌కి అన్నిటికన్నా కష్టమైన పని ఖాళీగా తిరగడమే. దీన్నే మెకానిక్కులు ఐడ్లింగ్ అనీ, ‘స్లో’ అనీ అంటారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలా సందర్భాల్లో లోపం ఎక్కడుందో ఇంటి దగ్గరే, పెద్ద పనిముట్లు లేకుండా, మీరే కనిపెట్టవచ్చు.

నాకు ఈ అవసరం 2025 వేసవిలో రాజమండ్రిలో వచ్చింది. మా మామగారి దగ్గర 1996 నాటి చిన్న కారుంది. మూడు సిలిండర్లు, కార్బ్యురేటర్. కొన్నప్పటి నుంచి ఆయన చేతిలోనే ఉంది. ఆ ఏడాది అది ప్రతి కూడలిలోనూ వణికి వణికి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు రైల్వే గేటు దాటబోతూ పట్టాలకు పది గజాల ముందు ఆగింది. ఆ తర్వాత మా అత్తగారు అందులో ఎక్కనన్నారు. ఒక మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. రెండో ఆయన స్క్రూ తిప్పి స్లో పెంచాడు, వారం రోజులు బాగుంది. మూడో ఆయన కార్బ్యురేటరే మార్చాలన్నాడు, కొత్తది దొరకడం కష్టమనీ ఆయనే అన్నాడు. ముగ్గురూ ఏకగ్రీవంగా తిట్టింది మాత్రం ఇథనాల్ కలిసిన పెట్రోలుని.

“బాబూ, నువ్వు ఎమ్మెస్సీ చదివావు కదా, ఒకసారి చూడు. నీకూ అంతు చిక్కకపోతే సోమవారం తుక్కు కొనేవాడికి కబురు పెట్టేస్తాను” అన్నారు మామగారు.

చదివిన ఎమ్మెస్సీకి, కారు బాగుచేయడానికి ఉన్న సంబంధం అంతంతమాత్రమే అయినా, కాదనలేకపోయాను.

రెండు గ్రాముల గాలి

ముందు చిన్న లెక్క. ఆ ఇంజన్ పరిమాణం సుమారు 800 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన పరిమాణమంత గాలి పీల్చుకోగలదు. ఐడ్లింగ్‌లో నిమిషానికి 850 చుట్లు అనుకుంటే, పూర్తిగా ఊపిరి పీల్చగలిగితే నిమిషానికి 340 లీటర్లు. కానీ అప్పుడు థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. దాని అంచున సన్నటి సందు మాత్రమే మిగులుతుంది. అందుకే రేకు వెనక, మానిఫోల్డ్ అనే గొట్టంలో, పీడనం వాతావరణ పీడనంలో మూడోవంతుకు పడిపోతుంది. అంటే లోపలికి వెళ్లే గాలి కూడా మూడోవంతే. సెకనుకు రెండు లీటర్ల లోపు, తూకంలో సుమారు రెండు గ్రాములు.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. కాబట్టి సెకనుకు గ్రాములో ఏడోవంతు పెట్రోలు సరిపోతుంది. మూడు సిలిండర్లలో కలిపి సెకనుకు 21 పేలుళ్లు జరుగుతాయి. ఒక్కో పేలుడికి అందేది 7 మిల్లీగ్రాములు! ఇంత చిన్న మోతాదులో గాలిలోనో పెట్రోలులోనో కొంచెం తేడా వచ్చినా అది పెద్ద భాగమే అవుతుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మానిఫోల్డ్‌లో పీడనం తక్కువ కాబట్టి కాలిన వాయువుల్లో కొంత వెనక్కి వచ్చి తాజా మిశ్రమంలో కలుస్తుంది. బూడిద కలిసిన బొగ్గు అంటుకున్నట్టుగా ఆ మిశ్రమం బద్ధకంగా మండుతుంది. పైగా ఒక పేలుడు తప్పితే దాన్ని కప్పిపుచ్చేది ఫ్లైవీల్‌లో దాచుకున్న శక్తి. అది వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. నిమిషానికి 3,400 చుట్ల దగ్గర ఉన్న శక్తిలో 850 చుట్ల దగ్గర ఉండేది పదహారో వంతే. అందుకే రోడ్డు మీద వెళ్తుండగా పేలుడు తప్పినా మీకు తెలియకపోవచ్చు. సిగ్నల్ దగ్గర మాత్రం తప్పకుండా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ మానిఫోల్డ్‌కి ఎక్కడో రెండు మిల్లీమీటర్ల చిల్లు పడిందనుకోండి. బయట ఒక వాతావరణం, లోపల మూడోవంతు. పీడనంలో తేడా ఇంత ఉన్నప్పుడు గాలి ఆ చిల్లులోంచి ధ్వని వేగంతో దూసుకుపోతుంది. లెక్క కడితే సెకనుకు దాదాపు అర గ్రాము. ఇంజన్ పీల్చేదే రెండు గ్రాములు, అందులో పావు వంతు దొంగగాలి! ఈ గాలి కార్బ్యురేటర్ గుండా రాదు కాబట్టి దానికి తగిన పెట్రోలు కలవదు. ఒకటికి 14.7 ఉండాల్సిన పాలు 18కి పలచబడుతుంది. అక్కడ నిప్పురవ్వ పడినా మంట ఒకసారి అందుకుంటుంది, ఒకసారి అందుకోదు.

అదే చిల్లు రోడ్డు మీద ఏం చేస్తుంది? కాలు బాగా నొక్కితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటుంది. మానిఫోల్డ్‌లో పీడనం బయటి పీడనానికి దగ్గరవుతుంది. తేడా లేనప్పుడు చిల్లులోంచి గాలి ఎందుకు వెళ్తుంది? ఆ సమయంలో ఇంజన్ పీల్చేది సెకనుకు పాతిక గ్రాముల పైమాట. చిల్లు ఉన్నట్టే తెలియదు. కాలు నొక్కగానే మాయమయ్యే రోగానికి ఇదే వివరణ.

చోక్ చెప్పిన సాక్ష్యం

పని మొదలుపెట్టే ముందు రెండు మాటలు. కారుని ఆరుబయట నిలపండి. షట్టర్ వేసిన గ్యారేజీలో ఇంజన్ నడిపితే పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, అది ప్రాణాలు తీస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. చున్నీ, తువ్వాలు, వేలాడే గొలుసు దగ్గరకు రానీయకండి. రేడియేటర్ ఫ్యాను కరెంటుది, ఎప్పుడు తిరగాలో అదే నిర్ణయించుకుంటుంది.

ఇంజన్ వేడెక్కాక మామగారిని సీట్లో కూర్చోబెట్టి, “చోక్ నాబ్ అర అంగుళం బయటికి లాగండి మామయ్యగారూ” అన్నాను. పాత కార్లలో డాష్‌బోర్డు కింద ఉండేదే. చోక్ లాగితే కార్బ్యురేటర్ నోరు కొంత మూసుకుని, పెట్రోలు పాలు పెరుగుతుంది. ఆయన లాగారు. ఇంజన్ చప్పుడు చక్కబడింది. పిల్లాడు ఏడుపు ఆపినట్టు, టక్కున.

“ఏం చేశావు?”

“నేనేం చేయలేదండీ. మీరే కాస్త పెట్రోలు ఎక్కువ పోశారు.”

పైసా ఖర్చు లేని ఈ పరీక్షకు నేను చాలా విలువిస్తాను. చోక్‌తో మెరుగైతే మిశ్రమం పలచగా ఉందని అర్థం. మరింత పాడై నల్లపొగ వస్తే మిశ్రమం అప్పటికే చిక్కగా ఉంది. అప్పుడు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్‌నో, పొంగుతున్న ఫ్లోట్ చాంబర్‌నో చూడాలి. ఏ మార్పూ లేకపోతే చూపు నిప్పురవ్వ వైపూ వాల్వుల వైపూ తిప్పాలి. ఇన్ని నెలలుగా ముగ్గురు మెకానిక్కుల్లో ఎవరూ ఆ నాబ్ ముట్టుకోలేదట.

మిశ్రమం పలచబడడానికి కారణాలు రెండు: పెట్రోలు తగ్గడం, గాలి పెరగడం. కార్బ్యురేటర్‌లో ఐడ్లింగ్‌కి పెట్రోలు ఇచ్చే జెట్ సూదిబెజ్జం కన్నా సన్నం. అందులో నలుసు పడినా అచ్చం ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఇంతకీ ఇథనాల్ సంగతేమిటి? ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. 20 శాతం కలిపిన పెట్రోలుకి కావాల్సిన గాలి 14.7 నుంచి సుమారు 13.5కి దిగుతుంది. పాత కార్బ్యురేటర్‌కి ఈ సంగతి తెలియదు. అది పాత లెక్కలోనే గాలి కలుపుతుంది. అంటే మిశ్రమం 8 శాతం పలచబడినట్టు. ఆరోపణలో నిజం లేకపోలేదు. కానీ 8 శాతానికి మిక్చర్ స్క్రూ ఒక మలుపు తిప్పితే సరిపోవాలి, రైల్వే గేటు దగ్గర కారు ఆగిపోకూడదు. పాతిక శాతం దొంగ ఇంకొకడు ఎక్కడో ఉండి ఉండాలి.

దొంగగాలిని పట్టుకోవడానికి కొందరు పెట్రోలో, కార్బ్యురేటర్ శుభ్రం చేసే స్ప్రేయో ఇంజన్ మీద చల్లుతారు. లోపలికి వెళ్తే ఇంజన్ చప్పుడు మారుతుంది, నిజమే. కానీ వేడి సైలెన్సర్ మీద మండే ద్రవం చల్లడం కారుని తుక్కుకి పంపే మరో మార్గం. ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్లు చల్లుకునే స్ప్రే సీసా చాలు. మానిఫోల్డ్ ఇంజన్‌కి అతికే చోట ప్యాకింగ్ చుట్టూ, కార్బ్యురేటర్ అడుగున, ప్రతి రబ్బరు గొట్టం చివర కొద్దికొద్దిగా నీటి తుంపర కొట్టండి. చిల్లు ఉన్నచోట నీరు క్షణకాలం అడ్డుపడి లోపలికి పోతుంది, ఆ క్షణం ఇంజన్ చప్పుడు మారుతుంది. ప్లగ్ వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ మీద మాత్రం నీళ్లు పడనీయకండి. లేని రోగాన్ని మనమే తెచ్చిపెట్టిన వాళ్లమవుతాం. అరమీటరు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసతో వెతికినా బుస్సుమనే శబ్దం దొరుకుతుంది. డాక్టరు స్టెతస్కోపు చేసే పనే.

ప్యాకింగ్ బాగుంది. బ్రీతర్ గొట్టం బాగుంది. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్న గొట్టం బాగుంది. మానిఫోల్డ్ వెనక వైపు, కంటికి కనిపించని చోట తుంపర పడగానే చప్పుడు ఒక్కసారి తేరుకుని మళ్లీ చెడింది. చిన్న అద్దం ముక్క పెట్టి చూశాను. అక్కడ వాడకంలో లేని ఒక సన్న గొట్టం మూతి ఉంది, దానికి రబ్బరు టోపీ తొడిగారు. ముందు నుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. వెనక వైపు నిలువునా పగిలి ఉంది. దాదాపు ముప్పై ఏళ్లు ఇంజన్ వేడికి ఉడికిన రబ్బరు మరి. వేలితో నొక్కి పట్టుకోగానే ఇంజన్ ఒక్కసారిగా రయ్యిమంది. రెండో మెకానిక్ రోగాన్ని కప్పిపుచ్చడానికి స్లో స్క్రూ బిగించాడు కదా. చిల్లు మూసుకోగానే ఆ బిగింపు బయటపడింది. స్క్రూ వెనక్కి తిప్పి 850 దగ్గరకు తెచ్చాం. ఇథనాల్ వాటా కోసం మిక్చర్ స్క్రూని కాస్త వదులు చేశాం. కొత్త టోపీ ఇరవై రూపాయలు.

ఒకటా, అన్నీనా?

అందరి కారులోనూ రబ్బరు టోపీయే దొంగ కాదు. మామగారి కారులో మూడు సిలిండర్లూ కలిసి తడబడ్డాయి. అలా కాకుండా చప్పుడు లయగా తప్పుతుంటే, అంటే ప్రతిసారీ ఒకే దెబ్బ పోతుంటే, ఒక్క సిలిండర్‌దే తప్పు అనుకోవచ్చు. ఏ సిలిండర్ అన్నది తేల్చాలంటే ఒక్కొక్కదాన్నీ కాసేపు ఆపి చూడాలి. బాగున్నదాన్ని ఆపితే ఇంజన్ మరింత కుంటుతుంది. చెడినదాన్ని ఆపితే తేడా ఏమీ ఉండదు.

పాతకాలంలో ప్లగ్ వైరు పీకి ఇది చేసేవారు. ఇంజక్షన్ కారులో ఆ పని చేయకండి. రవ్వ ఆగినా పెట్రోలు పడుతూనే ఉంటుంది, మండని పెట్రోలు సైలెన్సర్‌లోని కేటలిటిక్ కన్వర్టర్‌లో చేరి అక్కడ మండి దాన్ని కరిగించేయగలదు. ఆ వైర్లలో వేల వోల్టులు ఉంటాయన్న సంగతి సరే సరి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు అటువైపే వెళ్లకూడదు. వైరు బదులు ఇంజక్టర్ కనెక్టర్‌ని కొన్ని సెకన్ల పాటు ఊడదీయండి. పెట్రోలూ ఆగుతుంది, ప్రమాదమూ ఉండదు.

చెడిన సిలిండర్ ఏదో తెలిశాక కొత్త భాగాలు కొనడానికి పరిగెత్తకండి. ఇంజన్ చల్లారాక ఒకటో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ తీసి మూడోదానికీ, మూడోది ఒకటోదానికీ పెట్టి చూడండి. రోగం కాయిల్‌తో పాటు కదిలితే కాయిల్ చెడింది. కదలకపోతే ప్లగ్గులతో అదే చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే కారు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

ప్లగ్గులు బయటికి తీసినప్పుడు వాటి మొహం చూడండి. మొన దగ్గర లేత గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి ఉంటే మిశ్రమం చిక్కన. నూనె జిడ్డు ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా కాలి ఉంటే పలచన. పెట్రోలుతో తడిసి ఉంటే అక్కడ రవ్వ పడటం లేదు. పింగాణీ మీద సన్నటి గీత ఉన్నా పగులే. మళ్లీ బిగించేటప్పుడు మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి. అల్యూమినియం మరలో ప్లగ్ వంకరగా ఎక్కితే ఇరవై రూపాయల పని వేలల్లోకి పోతుంది.

ఇంజక్షన్ కార్ల గురించి ఇంకో మాట చెప్పాలి, ఇక్కడ చాలామంది పొరపడతారు. దొంగగాలి అన్ని ఇంజక్షన్ కార్లలోనూ ఒకేలా కనిపించదు. వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న కారులో చిల్లు ఆ సెన్సర్ తర్వాత ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కి దొంగగాలి కనిపించదు, మిశ్రమం పలచబడి ఇంజన్ వణుకుతుంది. మన చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది మానిఫోల్డ్‌లో పీడనాన్ని కొలిచే సెన్సర్. చిల్లు పడితే పీడనం పెరుగుతుంది, కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోలు కూడా పెంచుతుంది. ఫలితంగా వణుకు బదులు ఇంజన్ వేగం పెరుగుతుంది, లేదా పెరుగుతూ తగ్గుతూ ఉయ్యాల ఊగుతుంది. అయితే చిల్లు ఒకే సిలిండర్‌కి వెళ్లే గొట్టం దగ్గర ఉంటే ఏ సెన్సర్ ఉన్నా ఆ సిలిండర్ ఒక్కటి తడబడుతుంది. నీటి తుంపర పరీక్ష మాత్రం అన్నిటికీ పనిచేస్తుంది.

ఇలాంటి కార్లలో నేను ముందుగా చూసేది థ్రాటిల్ రేకు. కొన్నేళ్లలో దాని అంచు చుట్టూ నల్లటి జిగురు పేరుకుంటుంది. ఐడ్లింగ్‌లో గాలంతా వెళ్లాల్సింది ఆ అంచు సందులోంచే. సందు తగ్గితే రెండు గ్రాములు కూడా అందవు. ఇంజన్ ఆపి, చల్లారాక, దానికోసమే అమ్మే ద్రవంతో మెత్తటి గుడ్డ తడిపి తుడవండి. మోటారుతో తిరిగే థ్రాటిల్ అయితే వేలితో బలవంతంగా తెరవకండి, లోపలి పళ్లచక్రాలు పాడవుతాయి. శుభ్రం చేశాక కొన్ని కార్లు కొత్త స్థానాన్ని మళ్లీ నేర్చుకునేదాకా విచిత్రంగా తిరుగుతాయి. నేర్పే పద్ధతి కారు పుస్తకంలో ఉంటుంది.

2013 తర్వాత వచ్చిన కార్లలో స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది. చవకగా దొరికే స్కానర్ పెడితే కంప్యూటర్ రాసుకున్న తప్పుల చిట్టా ఫోనులో చూడవచ్చు. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సింగ్, పి0302 అంటే రెండోది. పి0300 వస్తే తప్పు ఒక సిలిండర్‌ది కాదు. కానీ స్కానర్ ‘మిస్సింగ్ ఉంది’ అంటుందే గాని ‘కాయిల్ మార్చు’ అనదు. ఆ రెండో మాట కలిపేది మనుషులే.

ఇవన్నీ అయినా లోపం దొరక్కపోతే అది వాల్వులదో, పిస్టన్ రింగులదో కావచ్చు. కంప్రెషన్ గేజితో అన్ని సిలిండర్లూ కొలిపించండి. అంకె ఎంత అన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. మానిఫోల్డ్‌కి తగిలించే వాక్యూమ్ గేజి ఉంటే అదీ చాలా చెబుతుంది. ముల్లు నిలకడగా ఉండాలి, లయగా పడిపోతుంటే ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. పుస్తకాల్లో రాసే 450 నుంచి 530 మి.మీ. పాదరసం లెక్క సముద్రమట్టానిది. రాజమండ్రిలో అది సరిపోతుంది. హైదరాబాదు దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ బయటి పీడనమే తక్కువ కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ కూడా సుమారు 45 మి.మీ. తక్కువ చూపిస్తుంది. అది చూసి ఇంజన్ విప్పించకండి.

ఆ సాయంత్రం మామగారు అత్తగారిని ఎక్కించుకుని గోదావరి గట్టు దాకా వెళ్లివచ్చారు. ఏ కూడలిలోనూ ఆగలేదు. దిగాక బానెట్ మీద చెయ్యి పెట్టి, “ఇంకా కొంచెం ఊగుతూనే ఉంది కదా బాబూ” అన్నారు. అది రోగం కాదు. మూడు సిలిండర్ల ఇంజన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ పోయే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి గాని, ఆ చివర ఒకటి లేస్తుంటే ఈ చివర ఒకటి దిగుతుంటుంది కాబట్టి ఇంజన్ ఏతంలా ఇటూ అటూ ఊగుతుంది. ఆ ఊపు బాడీకి చేరకుండా మింగేవి ఇంజన్ కింద ఉండే రబ్బరు దిమ్మలు. టార్చిలైటు వేసి చూస్తే మూడింట్లో ఒకటి చీలి ఉంది. వచ్చే నెల పెన్షన్ రాగానే మార్పిస్తానన్నారు.